తెలుగు క్రైస్తవ సంఘాల్లో సేవకుల నియామకం, శిక్షణ

తెలుగు ప్రాంతాల్లో ప్రొటెస్టంటు మిషన్లు స్థిరపడిన 1830ల నుంచి నేటి వరకు క్రైస్తవ సంఘాలు తమ కాపరులను, ఉపదేశకులను, బైబిలు స్త్రీలను, కార్యాలయ సిబ్బందిని ఎలా ఎంచుకున్నాయి, ఎలా తీర్చిదిద్దాయి, ఎలా పోషించాయి అన్నది ఈ వ్యాస విషయం. ఈ పద్ధతులు శాఖకో రకంగా ఉంటాయి. బిషప్పు పంపినచోటికి వెళ్లే గురువులున్నారు, సంఘం పిలిస్తే వచ్చే పాస్టర్లున్నారు, జీతమే వద్దని విశ్వాసం మీద బతికే సేవకులున్నారు. ఏ శాఖ చరిత్ర తిరగేసినా పేచీ మాత్రం రెండు ప్రశ్నల దగ్గరే వచ్చింది: కాపరికి జీతం ఎవరిస్తారు? బదిలీ ఎవరు చేస్తారు? ఎలాంటివాడు ఈ పనిలోకి వచ్చాడు, ఎంత చదివాడు, ఎన్నాళ్లు నిలిచాడు అన్నవి చాలావరకు ఈ రెండింటిని బట్టే తేలాయి.

పని, పనివాళ్లు

సంఘంలో పని పంచుకోవడానికి కొత్త నిబంధనలోనే ఆధారం ఉంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు భోజనం వడ్డించే పనికి ఏడుగురిని ఎన్నుకుంటారు. 1 తిమోతి 3వ అధ్యాయం అధ్యక్షుడికి, పరిచారకుడికి ఉండాల్సిన లక్షణాలు చెబుతుంది. తాగుబోతు కాకూడదు, ధనాపేక్ష ఉండకూడదు, తన ఇంటిని చక్కగా నడుపుకునేవాడై ఉండాలి. ఎంపిక కమిటీలు ఈనాటికీ ఈ అధ్యాయాన్నే ముందు పెట్టుకుంటాయి. అందులో డిగ్రీ మాట లేదు.

పట్నంలోని పెద్ద చర్చిలో కాపరి, సహాయ కాపరి, గుమాస్తా, క్వయర్ మాస్టరు, కీబోర్డు వాయించే కుర్రాడు, మైకు సెట్టు చూసేవాడు, కాపలాదారు వేరువేరుగా ఉంటారు. కోశాధికారి, సండే స్కూలు టీచర్లు సాధారణంగా జీతం లేని సంఘస్తులే. పల్లెలో ఇవన్నీ ఒక్కడే చూసుకోవాలి. ఆదివారం పొద్దున ఒక ఊళ్లో ఆరాధన ముగించి, మోటారు సైకిలు మీద రెండో ఊరికి, ఎండ వాలాక మూడో ఊరికి వెళ్తాడు. గంట తనే కొడతాడు, ఢోలక్ తనే అందుకుంటాడు, అందరూ వెళ్లాక చాపలు తనే చుడతాడు. మధ్యలో ఎవరింట్లోనో రోగి కోసం ప్రార్థన, ఇంకొకరింట్లో అన్నదమ్ముల తగాదా. ఊళ్లో ఆయన్ని ‘అయ్యగారు’ అంటారు, ఆయన భార్యను ‘అమ్మగారు’ అంటారు. జీతం పుస్తకంలో మాత్రం అయ్యగారి పేరే ఉంటుంది.

తొలి తరం

1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు బ్రదరన్ పక్షాన గోదావరి డెల్టాకు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. వీళ్లకు మొదట దొరికిన సహాయకులు మునిషీలు, దుబాసీలు, మద్రాసు నుంచి వెంట వచ్చిన కొద్దిమంది క్రైస్తవులు. పల్లెల్లోకి పోగలిగినవాళ్లు కారు వాళ్లు.

ఆ పని చేసినవాళ్లు పల్లెల్లోంచే వచ్చారు. ఒంగోలు మిషన్‌లో మొదటి పేరు ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. క్రైస్తవుడు కాకముందే యోగ మార్గం పట్టి, నలుగురికీ బోధించే అలవాటున్న మనిషి. 1866లో బాప్తిస్మం పొందాక ఆయన కొత్తగా నేర్చుకోవలసింది బోధలోని విషయమే. మనుషులతో మాట్లాడే విద్య అప్పటికే ఉంది. పేరయ్యలాంటి వాళ్ల కథలను ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో పుస్తకంగా అచ్చు వేసింది. అందులో కనిపించే ప్రచారకుల్లో పలువురు ఒకరికొకరు చుట్టాలు, వియ్యంకులు, ఒకే గురువు శిష్యులు. ఆ కాలపు నియామకం బంధుత్వాల దారిలో నడిచింది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

1876–78 కరువు ఈ ప్రచారకులకు పెద్ద పరీక్ష. జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, తన ప్రచారకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు కూలీల లెక్క చూసి, సాయంత్రం వాళ్లతో మాటలు కలిపేవారు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు పని సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు తెలుగు ప్రచారకులే, ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు దిగుతూ. ఈ ఘట్టాన్ని చరిత్రకారులు సంఖ్య కోసమే తలుస్తారు. సేవకుల చరిత్రలో దాని అర్థం వేరు. ఒక్కసారిగా వందల ఊళ్లలో సంఘాలు పుట్టాయి, వాటిని చూసుకునే మనిషి ఊరికొకడైనా లేడు. నెల్లూరు, ఒంగోలు మధ్య రామాయపట్నంలో బాప్టిస్టులు 1870ల్లో సెమినరీ తెరిచి ఉండటం వల్ల కొంత తట్టుకోగలిగారు.

ఆ తరం చివర్లో తెలుగు బాప్టిస్టులు తమ మనిషినే సముద్రం దాటించారు. నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల కోసం నెల్లూరు మిషన్‌లో ఉపాధ్యాయుడైన జాన్ రంగయ్యను 1903లో దక్షిణాఫ్రికాకు పంపారు. ఆయన్ని పంపింది అమెరికన్ మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత స్వదేశీ మిషన్ సంఘం. అక్కడి భారతీయ బాప్టిస్టు సంఘాలు ఆయన పనితోనే మొదలయ్యాయి.

దోర్నకల్ పద్ధతి

సేవకులను తయారుచేయడం గురించి తెలుగు నేలమీద అందరికంటే ఎక్కువ ఆలోచించినవాడు తెలుగువాడు కాదు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విళైలో పుట్టాడు. 1903లో తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం స్థాపకుల్లో ఒకడై, ఆ సంఘం పని కోసం నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

అంతకు రెండేళ్ల ముందు, 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో అజరయ్య చేసిన ప్రసంగం ఎప్పుడూ స్నేహం గురించిన ప్రసంగంగానే గుర్తుంటుంది. నిజానికి అది నౌకరీ గురించిన ప్రసంగం కూడా. దొర జీతమిచ్చేవాడు, దేశీయుడు జీతం పుచ్చుకునేవాడు అయినంతకాలం వాళ్లిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోలేరన్నది ఆయన ఫిర్యాదు. బిషప్పయ్యాక ఆ మాటను తానే ఆచరణలో పెట్టవలసి వచ్చింది.

ఆయన వ్యవస్థకు పునాది గ్రామ ఉపాధ్యాయుడు. పగలు మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు అక్షరాలు చెబుతాడు. రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పుతాడు. అలా కొన్నేళ్లు పల్లెలో నిలబడి, మనుషులతో నెగ్గుకొచ్చినవాడినే దోర్నకల్ దైవజ్ఞాన పాఠశాలకు పంపేవారు. అక్కడికి ఒంటరిగా రావడం కాదు, పెళ్లాం పిల్లలతో వచ్చి కాపురం పెట్టాలి. భార్యలకూ చదువు, శిశు సంరక్షణ, బైబిలు పాఠాలు నేర్పేవారు. బిషప్పు భార్య అన్బు మరియమ్మాళ్ ఆ పనిలో ముందుండేది. విద్యార్థులు పొలం పని చేయాల్సిందే. చదువుకున్నవాడు చేతికి మట్టి అంటించుకోడన్న అహం గురువుకు అంటకూడదని వాళ్ల ఉద్దేశం.

పోషణ విషయంలో అజరయ్య పట్టుదల ఇంకా ఎక్కువ. సంఘం ఎంత బీదదైనా కాపరి పోషణలో తన వంతు వేయాలన్నాడు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్లు తీసి కుండలో వేసే పిడికెడు బియ్యం, కోత పండుగకు తెచ్చే గింజలు, కోళ్లు, గుమ్మడికాయలు ఆ కాలంలో నిజమైన ఆదాయ మార్గాలు. కోత పండుగనాడు తెచ్చినవాటిని చర్చి ముందే వేలం వేసి డబ్బు చేయడం ఇప్పటికీ సాగుతోంది. దోర్నకల్‌లో పల్లె చేతులతో కట్టుకున్న ఎపిఫనీ కెథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. అజరయ్య 1945 జనవరి 1న పోయాడు. ఆయన మాల, మాదిగ కుటుంబాల నుంచి తీసుకుని గురువులుగా అభిషేకించినవాళ్లు ఆ కాలపు పల్లెలో అన్ని కులాలవాళ్ల ఎదుటా నిలబడి మాట్లాడారు. ఆ ఒక్క పనికే ఆయన్ని సామాజిక చరిత్రలో కూడా చేర్చాలి.

పంతులు వేరు, పాస్టరు వేరు అయ్యాక

గ్రామ ఉపాధ్యాయుడి వ్యవస్థకు ఒక లొసుగు మొదటి నుంచీ ఉంది. బడికి ప్రభుత్వ గ్రాంటు వచ్చేది. అందువల్ల మిషన్లకు చవకలో సంఘ సేవకుడు దొరికాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఎయిడెడ్ టీచర్ల జీతాలు, పనివేళలు, పింఛన్లు ప్రభుత్వ నిబంధనల కిందికి వచ్చాయి, ఊరూరా ప్రభుత్వ బడులు లేచాయి. పంతులు మెల్లగా ప్రభుత్వ ఉద్యోగి అయ్యాడు. ఆదివారం ఆరాధన చేయడం అతని ఇష్టానికి వదిలేసిన పని అయింది. విదేశీ మిషన్ల డబ్బు తగ్గడం దానికి తోడైంది. పల్లె సంఘానికి ఎప్పుడూ పక్కనే ఉండే మనిషి పోయి, నెలకో రెండు నెలలకో చుట్టపుచూపుగా వచ్చే గురువు మిగిలాడు.

ఈ మార్పును దగ్గర నుంచి చూపిన పుస్తకం పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ ప్రాంతపు జంగరాయి చుట్టుపక్కల పల్లెలను పరిశీలించి 1968లో ప్రచురించిన అధ్యయనం. ఆరాధన జరపడానికి మనిషి అందుబాటులో లేని పల్లెల్లో క్రైస్తవులు పొరుగువాళ్లతో కలిసి ఏ జాతరలకు వెళ్తారో, ఏ మొక్కులు మొక్కుతారో అది ఏ తీర్పూ చెప్పకుండా వివరిస్తుంది. సేవకుల నియామకం గురించి ఆలోచించే కమిటీలు చదవవలసిన మొదటి పుస్తకం అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సెమినరీలు

మొదట్లో ప్రతి మిషన్‌కూ సొంత పాఠశాల ఉండేది. 1964లో దోర్నకల్, కాకినాడ, రాజమండ్రి, రామాయపట్నం సంస్థలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ దైవజ్ఞాన కళాశాల ఏర్పడింది. 1973లో అది హైదరాబాద్‌కు మారింది. ఆంగ్లికన్, మెథడిస్టు, లూథరన్, బాప్టిస్టు నేపథ్యాల పిల్లలు ఒకే హాస్టల్లో ఉండి చదవడం దాని విశేషం. పట్టాలు ఇచ్చేది సెరాంపూర్ కళాశాల సెనేట్. 1818లో స్థాపించిన ఆ కళాశాలకు పట్టాలిచ్చే అధికారం 1827 నాటి డెన్మార్క్ రాజు సనదు నుంచి వచ్చింది. 1918 చట్టం దాన్ని స్థిరపరిచింది. బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సు నాలుగైదేళ్లు. హీబ్రూ, గ్రీకు పరిచయం, సంఘ చరిత్ర, ఇతర మతాలు, కౌన్సెలింగ్, సెలవుల్లో క్షేత్ర పని ఉంటాయి.

చదువు స్థాయి పెరిగింది. దానితో ఒక చిక్కూ పెరిగింది. పై చదువుల పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి, ప్రసంగం తెలుగులో చెప్పాలి. బీడీ చదివిన కుర్రాడు తొలి ఏడాది పల్లెలో చెప్పే ప్రసంగం నోట్సు అనువాదంలా ఉంటుందని పాత సంఘస్తులు గొణుగుతారు, అందులో నిజం ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏ పాట ఏ రాగంలో ఎత్తుకోవాలో తెలిసిన ఉపదేశకుడి ముందు అతను తేలిపోతాడు. డిగ్రీ చేతికొచ్చాక పల్లె పోస్టింగు మీద మోజూ తగ్గుతుంది. ఉద్యోగం మానకుండా చదవాలనుకునే సంఘస్తులకు దూరవిద్య ఉంది. 1971లో మొదలైన బెంగళూరులోని టాఫ్టీ సంస్థ, సెరాంపూర్ ఎక్స్‌టర్నల్ కోర్సులు ఆ అవసరం తీరుస్తున్నాయి.

క్యాథలిక్ శిక్షణ దీనికి భిన్నం. కుర్రవాణ్ని చిన్న వయసులోనే గుర్తించి, చిన్న గురువిద్యాలయం నుంచి తత్వశాస్త్రం, మధ్యలో ఒక ఏడాది విచారణలో (పారిష్‌లో) పని, ఆపైన వేదాంతశాస్త్రం మీదుగా దాదాపు పదేళ్లు నడిపిస్తారు. తత్వ, వేదాంతాలకు కలిపి కనీసం ఆరేళ్లు ఉండాలని, గురుపట్టానికి 25 ఏళ్లు నిండాలని శ్రీసభ చట్టం చెబుతుంది. హైదరాబాద్ రామంతాపూర్‌లోని సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం తెలుగు మేత్రాసనాలకు ప్రధాన కేంద్రం. మధ్యలో ఎప్పుడైనా మానేసే స్వేచ్ఛ విద్యార్థికి, మాన్పించే హక్కు అధికారులకు ఉండటం ఈ పొడవాటి దారిలోని మంచి. పల్లెల్లో ఉపదేశులు గురువుకు కుడిభుజం. 2021 మే 10న పోప్ ఫ్రాన్సిస్ ఉపదేశి పనిని అధికారిక పరిచర్యగా ప్రకటించాడు. మాల, మాదిగ క్రైస్తవుల నుంచి గురువులు పైస్థాయికి ఎదగడం ఇక్కడ ఆలస్యంగా జరిగింది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని 2022లో కార్డినల్ అయ్యాడు. తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆయనే మొదటివాడు.

ఎవరు పిలుస్తారు, ఎవరు పంపుతారు

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్‌ఐ) అభ్యర్థిని స్థానిక పాస్టరేట్ సిఫారసు చేయాలి. కొంతకాలం పల్లెల్లో పని చేయించి చూసి, అధ్యక్ష మండల కమిటీ ఇంటర్వ్యూ చేసి, సెమినరీకి పంపుతుంది. చదువయ్యాక మొదట డీకను, తర్వాత గురువు. పోస్టింగు అధ్యక్ష మండలం చేతిలో ఉంటుంది. పాస్టరేట్లు తమ వంతు డబ్బు కేంద్రానికి కడితే అక్కడి నుంచి జీతాలు రావడం చాలాచోట్ల ఉన్న ఏర్పాటు. దీనివల్ల బీద పాస్టరేట్‌లో ఉన్న గురువుకూ జీతం ఆగదు. మెథడిస్టుల్లో వార్షిక సభ చివరి రోజు బిషప్పు నియామకాల జాబితా చదువుతాడు. హాలులో కూర్చున్న పాస్టర్లు, వాళ్ల భార్యలు పిల్లల బడి ఎక్కడో, సామాను లారీ ఎంతవుతుందో అప్పుడే లెక్కలు కడతారు. ఆ జాబితా చదివే అరగంట చూస్తే ఈ వ్యవస్థ మొత్తం అర్థమవుతుంది.

బదిలీ అధికారం ఒకచోట పోగైతే దాని చుట్టూ రాజకీయం చేరుతుంది. సభ ఎన్నికల్లో ఏ వర్గం వైపు నిలిచాడన్నదాన్ని బట్టి మంచి పట్నమో మారుమూల పల్లెనో దక్కడం, సంఘాల ఆస్తి తగాదాలు కోర్టులకెక్కడం తెలుగు సంఘాల్లో అందరికీ తెలిసిన సంగతి. బాప్టిస్టు పద్ధతిలో స్థానిక సంఘమే కాపరిని పిలుస్తుంది. అభ్యర్థి వచ్చి ఒక ఆదివారం ప్రసంగిస్తాడు, భోజనాల దగ్గర పెద్దలు అతని కుటుంబాన్ని చూస్తారు, తర్వాత సభ్యులు తేలుస్తారు. సంఘానికి ఇక్కడ స్వేచ్ఛ ఎక్కువ, కాపరికి భద్రత తక్కువ. ఒక పెద్ద ఇంటివాళ్లకు కోపం వస్తే సామాను సర్దుకోవలసిందే.

బ్రదరన్ సభలు, 1950లో హైదరాబాద్ హెబ్రోనులో కేంద్రం పెట్టుకున్న భక్తసింగ్ సహవాసాలు మూడో దారి పట్టాయి. సేవకుడికి నిర్ణీత జీతం లేదు. పెద్ద సేవకులతో కలిసి ఉండి, వంటింటి పని నుంచి వాక్య పరిచర్య వరకు చూసి నేర్చుకోవడమే శిక్షణ. జీతం లేదు కనుక దానికోసం వచ్చేవాడూ ఉండడన్నది వాళ్ల వాదన. ముసలితనంలో, జబ్బులో ఆ కుటుంబాల గతి ఏమిటన్నదానికి మాత్రం ఆ వాదనలో జవాబు లేదు. ఇటీవల పట్నాల్లో పెరిగిన స్వతంత్ర సంఘాల్లో స్థాపకుడే అన్నీ. కెమెరాలకు, ఎడిటింగుకు, సోషల్ మీడియాకు జీతగాళ్లను పెట్టుకుంటారు; సహాయ కాపరులను ఇంటి మనుషుల్లోంచి తీసుకుంటారు. ఆదాయం పట్టి చూస్తే పెద్ద సంస్థలు, నియామకం పట్టి చూస్తే ఇంటి వ్యవహారాలు.

స్త్రీలు

ఘోషాలోని ఇళ్లలోకి పురుష ప్రచారకుడు అడుగు పెట్టలేని రోజుల్లో బైబిలు స్త్రీలే వెళ్లారు. వాళ్లలో వితంతువులు ఎక్కువ. చదువు, కొద్దిపాటి జీతం, నలుగురిలో గౌరవం అన్నీ ఒక్క పనిలోనే దొరికిన తొలి తరం స్త్రీలు వాళ్లు. రాజమండ్రిలోని లూథరన్ల షార్లెట్ స్వెన్సన్ బైబిలు శిక్షణ పాఠశాల ఈ కోవలో పేరున్నది. క్యాథలిక్కుల్లో 1904లో గుంటూరు వచ్చిన జేఎంజే సిస్టర్లు బడులు, ఆసుపత్రులు నడిపారు. సీఎస్‌ఐ 2013లో ఎగ్గోని పుష్పలలితను నంద్యాల బిషప్పుగా అభిషేకించింది. ఆ సంఘంలో బిషప్పయిన మొదటి స్త్రీ ఆమే. అయినా బాప్టిస్టు, స్వతంత్ర సంఘాల్లో ఎక్కువభాగం స్త్రీని కాపరిగా పిలవవు. పాస్టరు భార్యను మాత్రం స్త్రీల కూటం, సండే స్కూలు, అతిథి భోజనాలు అన్నిటికీ జీతం లేని సిబ్బందిగా లెక్కేస్తాయి. నియామకం వేళ ఆమె చదువు, ఆరోగ్యం, పాట గొంతు గురించి అడిగే కమిటీ, ఆమెకు ఏమిస్తామన్నది చెప్పదు.

చేరాక

పనిలో ఉన్నవాళ్లకు ఏటా పాస్టర్ల కూటాలు, రిట్రీట్లు ఉంటాయి. వాటిలో ప్రసంగాలే ఎక్కువ, లెక్కలు రాయడం, కౌన్సెలింగు, పిల్లల భద్రత లాంటివి తక్కువ. పెద్ద గురువు దగ్గర కొత్తవాణ్ని రెండేళ్లు సహాయకుడిగా పెట్టడమే ఇంతవరకు పనిచేసిన పద్ధతి. కానీ పోస్టులు ఖాళీగా ఉన్నప్పుడు మొదట కోతపడేది ఇదే.

చట్టం

1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసే అధికారం అందరు పాస్టర్లకూ లేదు. బిషప్పుల అభిషేకం పొందిన గురువులకు ఆ చట్టంలోనే అధికారం ఉంది. ఇతర సంఘాల కాపరులు చాలావరకు ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి. కొత్త కాపరిని పిలిచే స్వతంత్ర సంఘం ఇది ముందే చూసుకోవాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. పిల్లలతో పనిచేసే ప్రతివారికీ 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. ఎయిడెడ్ బడుల్లో పాఠాలు చెప్పే గురువులు, సిస్టర్ల జీతం మీద ఆదాయపు పన్ను మినహాయించవలసిందేనని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తేల్చింది; జీతం తమ సభకే ఇచ్చేస్తున్నామన్న వాదన నిలవలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు, ఆ తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు పరిమితం చేసింది. దళిత కుటుంబాల నుంచి వచ్చిన పాస్టరు పిల్లల సర్టిఫికెట్ల దాకా దీని ప్రభావం ఉంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైఎస్ జగన్ కాలంలో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. ఆ డబ్బు కోసం ఎదురుచూసిన పల్లె కాపరులను తప్పుపట్టలేం. చాలా స్వతంత్ర సంఘాల్లో ఈనాటికీ కాపరి చేతిలో నియామక పత్రం ఉండదు. జీతం ఎంత, ఇల్లు ఎవరిది, సెలవులెన్ని, అరవై ఏళ్ల తర్వాత ఏమిటి అన్నవి కాగితం మీద రాసి సంతకం చేశాకే సంఘ పెద్దలు కాపరిని పిలవాలి.